రాజీ సరే, ముందు పీట సమానం చెయ్యండి!

2025 మే 3న ఢిల్లీలో ఒక పెద్ద సభ జరిగింది. మొదటి జాతీయ మీడియేషన్ సమావేశం అని దానికి పేరు. కోర్టు మెట్లెక్కకుండా తగాదాలను రాజీతో తీర్చే పనిని దేశమంతా పెంచాలని మీడియేషన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే సంఘం ఆ సభతోనే మొదలైంది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు వచ్చి మాట్లాడారు. ఈ ఏర్పాటు పల్లెలకు కూడా చేరాలనీ, ఊళ్లో గొడవలు ఊళ్లోనే మధ్యవర్తిత్వంతో తీర్చేటట్టు పంచాయితీలకు చట్టబద్ధమైన బలం ఉండాలనీ ఆమె అన్నారు.

ఈ మాట నర్సీపట్నం చుట్టుపక్కల ఏ పేటలోనైనా చదివి వినిపించండి. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఏమంటాడో మాకు తెలుసు. "కొత్తగా ఇచ్చేదేటి నాయినా! ఆ అధికారం ఆళ్ల చేతిలో లేనిదెప్పుడు?" అంటాడు.

రాష్ట్రపతి గారు ఆదివాసీ బిడ్డ. పల్లె బాధ తెలిసిన మనిషి. ఆమె మంచి కోరే అన్నారని మేము నమ్ముతున్నాం. కానీ ముసలాయన మాట కూడా నిజమే. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే ఈ సంపాదకీయం.

ముందే ఒక సంగతి తేటగా చెబుతున్నాం. మేము రాజీకి వ్యతిరేకులం కాము. కోర్టు చుట్టూ తిరిగి చెప్పులరిగిన వాళ్లం మనమే. కూలి మానుకుని వాయిదాకు పోయి, "మళ్లీ రా" అనిపించుకుని వచ్చేదీ మనమే. గంటలో తేలే తగువు గంటలో తేలితే అందరికన్నా ముందు సంతోషించేది మనమే. కానీ రాజీ అనేది సమానుల మధ్య జరిగే పని. ఒకడు అరుగు మీదా, ఒకడు అరుగు కిందా ఉన్నప్పుడు జరిగేదాన్ని రాజీ అనరు. లొంగుబాటు అంటారు.

మీడియేషన్ అంటే ఏటి?

మీడియేషన్‌లో మధ్యవర్తి తీర్పు చెప్పడు. తప్పు కట్టమనడు. కాళ్లు పట్టుకోమనడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడతాడు. అవసరమైతే విడివిడిగా మాట్లాడతాడు. ఎవరికి ఏం కావాలో వాళ్ల నోటితోనే చెప్పించి, ఒప్పందం కుదిరితే కాగితం మీద పెట్టిస్తాడు. లోపల అనుకున్న మాట బయట పొక్కకూడదు. కుదరకపోతే ఎవరి దారిన వాళ్లు లేచి రావొచ్చు, కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. సుప్రీంకోర్టు 2005లో మీడియేషన్ కోసం ఒక కమిటీ వేసింది. మధ్యవర్తులుగా పనిచేసేవాళ్లకు 40 గంటల శిక్షణ ఇవ్వడం ఆ కమిటీ పద్ధతి.

దీనికి అక్కలాంటిది లోక్ అదాలత్. 1982లో గుజరాత్‌లో జునాగఢ్ జిల్లాలో మొదలైంది. న్యాయ సేవల చట్టం 1987లో చేశారు, 1995 నవంబర్ 9 నుంచి అమలులోకి వచ్చింది. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

ఆ తరువాత 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది. దాంతో ఈ పని చేసే సంఘాలూ, కేంద్రాలూ, శిక్షణ శిబిరాలూ ఊపందుకున్నాయి. హైదరాబాదులో 2021 డిసెంబర్ 18న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ప్రారంభించారు. తెలంగాణ ప్రభుత్వం దానికి రాయదుర్గంలో కోట్ల విలువైన సర్కారు భూమి కేటాయించింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. కంపెనీల తగాదాలు తీర్చే చోటుకు కోట్ల భూమి ఇవ్వాలని సర్కారుకు తట్టింది. మన తగాదా తీర్చే చోటు మాత్రం ఇప్పటికీ రావిచెట్టు కింద అరుగే. ఆ అరుగు మీద ఎవరు కూర్చుంటారన్నది ఎవరికీ తట్టలేదు.

మన ఊళ్లో జరిగేదేటి?

ఏ పేటలో ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. మన కుర్రాడు బండి ఆపలేదనో, ఎదురు మాట్లాడాడనో కొడతారు. లేదా కూలి డబ్బులు అడిగిన ఆడమనిషిని కులం పేరెత్తి తిడతారు. పేటవాళ్లు స్టేషన్‌కి బయల్దేరతారు. స్టేషన్‌కి చేరకముందే కబురొస్తుంది. "ఎందుకురా గొడవ, పెద్దలున్నాం కదా, సాయంత్రం మాట్లాడదాం."

సాయంత్రం అవుతుంది. పెద్దలు కుర్చీల్లో ఉంటారు. కొట్టినవాడి బాబాయే ఆ పెద్దల్లో ఒకడు. మనవాళ్లు నిలబడి ఉంటారు. దెబ్బలు తిన్నవాడిని మధ్యలో నిలబెట్టి "నీ తప్పు కూడా ఉంది కదరా" అంటారు. ఆసుపత్రి ఖర్చుకు ఇంత అని ఇప్పిస్తారు. కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. ఆ కాగితంలో ఏం రాశారో చదివి వినిపించరు. చివర్లో ఒక మాట అంటారు: "రేపటి నుంచి అందరం కలిసి ఉండాల్సిన వాళ్లం."

ఒప్పుకోకపోతే? మర్నాటి నుంచి పొలం పనికి పిలుపు రాదు. కొట్లో అరువు పుట్టదు. గడ్డి కోసుకోవడానికి గట్టు దిగనివ్వరు. ఇప్పుడు చెప్పండి, ఆ వేలిముద్రను సమ్మతి అంటారా? పెద్దమనుషుల తగువుకూ మీడియేషన్‌కూ ఉన్న తేడా ఇదే. మీడియేషన్‌లో లేచి వచ్చేయొచ్చు. ఊరి రచ్చలో లేచి వస్తే ఊరు వదలాల్సి వస్తుంది.

చరిత్ర చూడండి. కారంచేడులో 1985 జులై 17న జరిగిన మారణకాండకు మొదలు ఎక్కడ? తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే మన ఆడకూతురు ఒకామె అడ్డు చెప్పడంలో. ఆ తరువాత చీరాల శిబిరానికి చేరిన మాదిగలు ఊరి పెద్దలతో సర్దుబాటు కోసం వెనక్కి పోలేదు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపడానికి ముందు జరిగిందేమిటి? సినిమా హాల్లో కాలు తగిలిందన్న ఒక మాట. ఆ తరువాత సాంఘిక బహిష్కరణ. మన గొడవలు "చిన్న తగువులు" అని ఎవరైనా అంటే ఈ రెండు ఊళ్ల పేర్లు చెప్పండి. బకెట్టు చిన్నదే, కాలు తగలడం చిన్నదే. దాని వెనక ఉన్న కులం చిన్నది కాదు.

అంబేద్కర్ 1932లోనే చెప్పారు

ఊరి పంచాయితీకి న్యాయం చెప్పే అధికారం ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయితీల బిల్లు వచ్చింది. పూనా ఒప్పందం జరిగి రెండు వారాలు కూడా తిరగలేదు. అక్టోబర్ 6న బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి ఆ బిల్లును ఎదిరించారు. కులం బురదలో మునిగిన ఊరి పెద్దల చేతికి తీర్పు అప్పజెబితే అంటరానివాళ్లకు న్యాయం దక్కదని వాదించారు. మా వాళ్లకు ప్రత్యేక స్థానాలు లేని పంచాయితీని మేము ఒప్పుకోమన్నారు. మళ్లీ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో కూడా ఊరును కాదు, మనిషిని పునాదిగా తీసుకున్నామని నిలబడి చెప్పారు.

ఆ మాటకు ఏళ్లు గడిచాయి. 73వ రాజ్యాంగ సవరణతో మనకు సర్పంచి పదవులు వచ్చాయి. మంచిదే. కానీ సర్పంచి కుర్చీలో మనవాడు ఉన్నా తగువు వేరే ఇంటి అరుగు మీద తేలుతున్న ఊళ్లు ఎన్ని లేవు? పదవి మారింది, అరుగు మారలేదు.

పంచాయితీ అనే మాటే చెడ్డదని మేము అనడం లేదు. మన నర్సీపట్నం పక్కనే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 తిరుగుబాటుకు ముందు ఆయన మన్యంలో తిరిగి, తాగుడు మానండి, తెల్లవాడి కోర్టులకు పోకండి, తగువులు మీ పంచాయితీల్లోనే తీర్చుకోండి అని చెప్పాడు. ఆ మాట జనానికి ఎందుకు ఎక్కింది? ఒకే కష్టం పడుతున్న మనుషులు ఒకరి ఎదురుగా ఒకరు కూర్చునే పంచాయితీ అది. అలాంటి చోట రాజీకి అర్థం ఉంటుంది. కాబట్టి తేల్చాల్సింది పంచాయితీ ఉండాలా వద్దా అని కాదు. అందులో ఎవరు, ఎవరి పక్కన, ఏ ఎత్తులో కూర్చుంటారన్నది.

గీత ఎక్కడుంది?

చట్టం ఒక గీత గీసింది. అది మనవాళ్లందరికీ నోటికి రావాలి.

న్యాయ సేవల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, చట్టం రాజీకి ఒప్పుకోని నేరాల మీద లోక్ అదాలత్‌కు అధికారం లేదు. 2023 మీడియేషన్ చట్టం మొదటి షెడ్యూలులో మీడియేషన్‌కు పనికిరాని తగాదాల జాబితా ఉంది. క్రిమినల్ కేసుల ప్రాసిక్యూషన్ ఆ జాబితాలో ఉంది. భూసేకరణ, దాని నష్టపరిహారం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం కింద పెట్టిన అట్రాసిటీ కేసు రాజీ చేసుకునే కేసు కాదు. మానభంగం కేసులో రాజీ, మీడియేషన్ అన్న మాటే తగదని సుప్రీంకోర్టు 2013లోనూ, 2015లోనూ చెప్పింది. 2015 సవరణ తరువాత సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేయడమే కాదు, చేస్తామని బెదిరించడం కూడా అట్రాసిటీ చట్టం కింద నేరమే. అంటే "ఒప్పుకోకపోతే పనికి పిలవం" అని రచ్చలో అన్నవాడు తగువు తీర్చడం లేదు. కొత్త నేరం చేస్తున్నాడు.

గీత ఇంత స్పష్టంగా ఉంటే ఇక భయమెందుకు అంటారా? గీతను చెరిపేయక్కర్లేదు, పక్కనుంచి నడిచిపోతే చాలు. మూడు దారులున్నాయి.

మొదటి దారి స్టేషన్‌లో. కులం పేరుతో తిట్టి కొట్టారని మనం చెబుతాం. రాసేటప్పుడు కులం మాట ఎగిరిపోతుంది. మామూలు దెబ్బలు, మామూలు తిట్లు, మామూలు బెదిరింపు అని సెక్షన్లు పడతాయి. అవన్నీ చట్టం రాజీకి ఒప్పుకునే సెక్షన్లే. ఇక ఆ కేసు లోక్ అదాలత్‌కు పోవడానికి అడ్డేమీ లేదు. అక్కడ సంతకం పెడితే అప్పీలు లేదని పైన చెప్పుకున్నాం. మనవాళ్లు లోక్ అదాలత్‌లో ఓడిపోయామనుకుంటారు. కాదు, ఎఫ్ఐఆర్ రాసిన రోజే ఓడిపోయారు.

రెండో దారి పెద్ద కోర్టులో. అట్రాసిటీ కేసును రాజీ మీద మామూలుగా మూసేయడం కుదరదు. కానీ 2021 అక్టోబర్ 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. గొడవ ముఖ్యంగా సొంత తగాదా అయితే, కులం కారణంగా చేసింది కాకపోతే, బాధితులు బలవంతం లేకుండా నిజంగా ఒప్పుకుంటే, ఆ కేసును కొట్టేసే అధికారం పై కోర్టులకు ఉందన్నది ఆ తీర్పు. కోర్టు షరతులు పెట్టింది, నిజమే. కానీ బలవంతం లేదని ఎవరు చెప్పాలి? బలవంతానికి లొంగిన మనిషే చెప్పాలి. పని ఇచ్చే చెయ్యే పక్కన నిలబడి చూస్తుంటే ఆ మనిషి ఏం చెబుతాడు?

మూడో దారి కొత్త చట్టంలోనే ఉంది. 2023 చట్టం 43వ సెక్షన్‌లో కమ్యూనిటీ మీడియేషన్ అని పెట్టారు. ఒక ప్రాంతంలో శాంతి, సామరస్యం చెడగొట్టే తగాదాలను, రెండు పక్షాలూ ముందుగా ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తుల బృందం తీర్చవచ్చు. ఆ ముగ్గురు ఎవరు? సమాజంలో గౌరవం, నిజాయితీ ఉన్నవాళ్లు, గుర్తింపు పొందిన స్థానికులు, నివాసుల సంఘాల ప్రతినిధులు, మీడియేషన్ అనుభవం ఉన్నవాళ్లు. స్త్రీలకూ, ఇతర వర్గాలకూ చోటు ఇవ్వడాన్ని పరిశీలించవచ్చు అన్నారు. ఇచ్చి తీరాలి అనలేదు. చట్టంలో "వచ్చు"కూ "తీరాలి"కీ మధ్య ఒక పేట మొత్తం మునిగిపోయేంత గొయ్యి ఉంది.

2023 అక్టోబర్ 9న ఆ చట్టంలో కొన్ని సెక్షన్లనే అమలులోకి తెచ్చారు. ఆ రోజు ప్రకటించిన జాబితాలో 43వ సెక్షన్ లేదు. ఆ ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం ఉండదని కూడా చట్టమే చెబుతోంది. కానీ ఊళ్లో డిక్రీ ఎవరికి కావాలి? సర్కారు ముద్ర ఉన్న కాగితం చూపిస్తే చాలు, మన ముసలమ్మ నోరు మూతపడుతుంది. ఊరిలో "గౌరవం ఉన్నవాడు" అంటే ఎవరు? పదెకరాలున్నవాడా, గుడి ధర్మకర్తా, రేషన్ డీలరా? పేటలో అందరి కష్టానికీ నిలబడే ఆశా కార్యకర్తకు ఆ గౌరవం ఉందని ఎవరు ఒప్పుకుంటారు? "శాంతి" అంటే ఏమిటి? దెబ్బలు తిన్నవాడు కేసు పెట్టకపోవడమే శాంతి అయితే, ఆ శాంతి మనకు అక్కర్లేదు.

కోర్టు మాత్రం స్వర్గమా?

కాదు. చుండూరు వాళ్లు పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. మన మన్యంలో వాకపల్లి ఆడబిడ్డలు 2007లో పెట్టిన కేసు 2023లో కొట్టివేతతో ముగిసింది. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే అంది. ఇంతకాలం తిరిగి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లను చూసి, "దానికంటే రాజీయే మేలు" అని ఎవరైనా అంటే వాళ్లను తప్పు పట్టలేం.

కానీ ఈ మాట ఆలోచించండి. కోర్టు ఆలస్యం చేస్తే కోర్టును తొందర పెట్టాలి. దర్యాప్తు చెడిపోతే దర్యాప్తును బాగు చెయ్యాలి. డాక్టరు ఆలస్యంగా వస్తున్నాడని రోగిని గాయం చేసినవాడి చేతికి అప్పజెబుతామా? ఓడిపోయినా చుండూరు కేసు ఒక సంగతి దేశానికి చెప్పింది. దళితుణ్ణి చంపితే కోర్టు బోనెక్కాల్సి ఉంటుందని చెప్పింది. ఆ బోను రచ్చబండ దగ్గర ఎప్పుడూ లేదు.

మన ఇల్లు కూడా చూసుకుందాం

ఊరి పెద్దల్ని తిట్టి మన పేట పెద్దల్ని వదిలేస్తే అది ఉద్యమం కాదు. తాగొచ్చి భార్యను కొట్టిన మొగుడి తగువులో మన పేట పెద్దలు ఏమంటున్నారు? "సర్దుకుపో అమ్మా, పిల్లలున్నారు." ఆ కూర్పులో ఆడమనిషి ఒక్కతయినా కూర్చుంటోందా? మాల, మాదిగ, రెల్లి పేటల మధ్య గొడవొస్తే ఎక్కువ ఇళ్లున్న పేటదే మాట కావడం లేదా? అరుగు ఎత్తు మన పేటలో కూడా ఉంది. దాన్ని మనమే తవ్వాలి.

అలా తవ్వుకున్న చోట రాజీ మనకు నిజంగా పనికొస్తుంది. అన్నదమ్ముల ఇంటి స్థలం, గట్టు తగాదా, చీటీ బాకీ, భార్యాభర్తల మనోవర్తి, రోడ్డు ప్రమాదం నష్టపరిహారం, బ్యాంకు అప్పు - ఇవన్నీ మీడియేషన్‌కూ, లోక్ అదాలత్‌కూ తగిన పనులు. వీటికోసం ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగి రెండిళ్లూ గుల్ల చేసుకోవద్దు. ఎస్సీ, ఎస్టీలకూ, ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అది దానం కాదు, హక్కు.

సంఘాల వాళ్లకు మా మాట

మీడియేషన్ సంఘాలు నడిపే లాయర్లకూ, రిటైరైన జడ్జీలకూ, శిక్షణ ఇచ్చేవాళ్లకూ మేము శత్రువులం కాము. మీరు పల్లెకు రండి. కానీ వచ్చేటప్పుడు ఈ ఆరు మాటలూ ఒప్పుకుని రండి.

1. అట్రాసిటీ కేసు, మానభంగం కేసు, బహిష్కరణ - వీటిని మీ సభ్యులెవరూ రాజీ బల్ల మీదికి తీసుకురాకూడదని మీ నియమావళిలో రాయండి. తెచ్చినవాణ్ణి సంఘం నుంచి తీసేయండి.

2. ఊళ్లో ముగ్గురు మధ్యవర్తులుంటే అందులో ఒకరు బలహీన పక్షం వాళ్ల వర్గం నుంచి, ఒకరు స్త్రీ అయి తీరాలి. "పరిశీలించవచ్చు" అన్న మాటను "తీరాలి" అని మార్చమని మీరే ప్రభుత్వాన్ని అడగండి. మేము అడిగితే వినరు, మీరు అడిగితే వింటారు.

3. మా పిల్లలకు ఆ 40 గంటల శిక్షణ ఉచితంగా, తెలుగులో ఇవ్వండి. మన్యంలో కువి, ఒడియా మాట్లాడేవాళ్లకు వాళ్ల మాటలోనే ఇవ్వండి. డ్వాక్రా అక్కలనూ, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలనూ పిలవండి.

4. కాగితం తెలుగులో రాసి, గట్టిగా చదివి వినిపించి, న్యాయ సేవల లాయరు చూశాకే సంతకం తీసుకోండి. ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వండి.

5. తగువు భూస్వామి ఇంటి అరుగు మీదా, మా వాళ్లు గడప తొక్కలేని చోటా పెట్టకండి. బడిలోనో, పంచాయితీ ఆఫీసులోనో పెట్టండి. అందరికీ ఒకే రకం కుర్చీ వెయ్యండి.

6. మీ మధ్యవర్తుల జాబితాలో దళితులెందరు, ఆదివాసీలెందరు, స్త్రీలెందరు? ఆ లెక్క బయట పెట్టండి.

ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటైనా ఉందా? మధ్యవర్తి ఎవరి పక్షానా ఉండకూడదని చెప్పేది మీరే. మా ఊళ్లో ఎవరి పక్షానా లేని అరుగు ఎక్కడుందో చూపించమని అడుగుతున్నాం, అంతే.

పేటల్లో మనం చెయ్యాల్సింది

గొడవ జరిగిన రోజే స్టేషన్‌కి పోండి. "సాయంత్రం మాట్లాడదాం" అన్న మాట కోసం ఆగకండి. ఏ మాటతో తిట్టారో, కులం పేరు ఏమని ఎత్తారో, ఎవరు విన్నారో మాట మార్చకుండా చెప్పండి. రాసింది చదివించుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. అట్రాసిటీ చట్టం పేరు అందులో ఉందో లేదో చూడండి. "ముందు ఎంక్వయిరీ చేసి తరువాత కేసు కడతాం" అంటే, 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ ప్రకారం అది అక్కర్లేదని చెప్పండి. ఆ సెక్షన్ ఊరికే రాలేదు. 2018 ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసి తెచ్చుకున్నాం. ఈ కేసును డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి.

ఎఫ్ఐఆర్ దశ నుంచే బాధితులకు ప్రభుత్వ సహాయం దశలవారీగా అందాలని నియమాలున్నాయి. పెద్దలు ఇప్పిస్తామన్న ఆసుపత్రి ఖర్చు చూసి ఆ హక్కును వదులుకోవద్దు. కేసు వెనక్కి తీసుకోమని ఆశ చూపినా, బెదిరించినా 15ఎ సెక్షన్ కింద రక్షణ అడగండి. అది ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.

ఖాళీ కాగితం మీద వేలిముద్ర వద్దు. చదివి వినిపించని కాగితం మీద అసలే వద్దు. డి-పట్టా భూమి సంగతి రాజీ కాగితంలోకి వస్తే అక్కడితో ఆగండి. 1977 నాటి 9వ చట్టం అసైన్డ్ భూమి చేతులు మారడాన్ని నిషేధించింది. 2023లో దాన్ని సవరించారు. మీ పట్టా ఏ కోవలోకి వస్తుందో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఎవరి మాటా నమ్మొద్దు. ఏజెన్సీ భూమి అయితే 1/70 ఉంది, గిరిజనేతరుడికి భూమి దఖలు పరిచే రాజీ ఏదీ చెల్లదు.

అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566. న్యాయ సహాయానికి 15100. ఈ రెండు నంబర్లు ప్రతి పేటలో గోడ మీద రాయండి. చదువుకున్న కుర్రాళ్లు నర్సీపట్నం కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ దగ్గరకు పోయి, అక్కడ ఏయే సాయం దొరుకుతుందో తెలుసుకుని వచ్చి పేటలో చెప్పండి. మన తగువులు తీర్చే కూర్పులో ఆడవాళ్లను కూర్చోబెట్టండి. ఇది ఈ పక్షంలోనే మొదలుపెట్టాల్సిన పని.

అన్నలారా, అక్కలారా! మనం శాంతికి అడ్డం కాదు. వేల ఏళ్లుగా ఈ దేశంలో శాంతిని మోసింది మన వీపులే. ఇప్పుడు ఆ శాంతిని కలిసి మోద్దామంటున్నాం. రాజీకి పిలిస్తే వస్తాం. కానీ నిలబడి వినడానికి రాము. కూర్చోవడానికి వస్తాం.

ముందు పీట సమానం చెయ్యండి. తరువాత రాజీ మాట్లాడదాం.

జై భీమ్!